నీలం రంగు కింద

మార్చి 4

ముందు చక్రం నట్టు నేనే బిగించలేదట.

అన్నయ్య మధ్యాహ్నం కొట్టుకి తిరిగొచ్చాడు. చేతులు కడుక్కున్నాడు. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. అప్పుడు చెప్పాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"నర్సుగారు పడిపోయారు చిన్నీ. డ్యూటీ దిగి ఇంటికెళ్తుంటే వాలులో ముందు చక్రం ఊడిపోయిందట. దవడ విరిగింది, ఎడమ మణికట్టు కూడా. ఇప్పుడే వాళ్లింటికెళ్లి సైకిలు చూసొచ్చాను. నట్టు మర్చిపోయావా?"

"బిగించాను అన్నయ్యా."

"బిగించే ఉంటావు. ఒక పక్క."

నేను మొదటినుంచి చివరిదాకా ఒక్కదాన్నే కట్టిన మొదటి సైకిలు అది. అన్నయ్య ఒకేసారి కొన్న తొమ్మిది పాత సైకిళ్లలో ఆఖరుది. వాటి ఫ్రేములు, ఫోర్కులు అన్నయ్యే బాగుచేసి నీలం రంగు వేశాడు. దీని చక్రాలు, బ్రేకులు, చైను మాత్రం నావి. కుడి నట్టు, ఎడమ నట్టు, మళ్లీ కుడి. నా చేతికి గుర్తుంది. కానీ చేతి మాట ఎవరు వింటారు?

పదకొండేళ్లు గడియారాల ఫ్యాక్టరీలో ముళ్లు బిగించిన చెయ్యి ఇది. ఫ్యాక్టరీ మూతపడిన రోజున "నా దగ్గరికి రా, గడియారం పట్టిన చేతికి సైకిలెంత" అన్నది అన్నయ్యే.

మార్చి 5

అన్నం ముద్ద నోటిదాకా రావడం లేదు. వదిన టీ తెచ్చి బల్ల మీద పెట్టి, నా ముఖం చూడకుండా వెళ్లిపోయింది. కోపం వచ్చినట్టుంది. రాదా మరి!

మార్చి 7

అన్నయ్య నన్ను నర్సుగారింటికి తీసుకెళ్లాడు.

ఇరుకు మెట్లు, రెండో అంతస్తు. మెట్ల కింద చీకట్లో పట్టా కప్పి ఉన్నదే సైకిలు. నేను అటు చూడలేదు. చూసే ధైర్యం ఎక్కడిది?

ఆవిడ మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. దవడకి తీగలు కట్టారు, మాట్లాడకూడదట. ఒళ్లో ఒక పలక. భర్త స్కూల్లో లెక్కల మాస్టారు. కుర్చీలు వేశాడు గానీ కూర్చోమనలేదు.

అన్నయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. "మా చెల్లెలండీ. కొత్తగా నేర్చుకుంటోంది. తప్పు నాదే, చిన్నపిల్ల చేతికి వదిలేశాను."

నాకు ముప్ఫై ఆరేళ్లు. అయినా ఆ క్షణం చిన్నపిల్లనే అయ్యాను. నట్టు నేనే మర్చిపోయానని, క్షమించమని చెప్పాను. మూడోసారి చెప్పేసరికి నాకే నిజమనిపించింది.

ఆవిడ పలక మీద కుడిచేత్తో మెల్లగా రాసి నా వైపు తిప్పింది. "పర్లేదు. మొదటి ఏడాది నేనూ ఒకరికి మందు తప్పు ఇచ్చాను. పని మానెయ్యకు."

అక్కడే ఏడ్చేశాను. అన్నయ్య తన తువ్వాలుతో నా కళ్లు తుడిచాడు, అమ్మ పోయిన రోజు తుడిచినట్టు.

మార్చి 8

ఇంకెవరైనా అయితే ఆ పూటే పొమ్మనేవాళ్లు. అన్నయ్య ఒక్క మాట అనలేదు. ఇలాంటి అన్న ఎంతమందికి ఉంటాడు!

మార్చి 12

చక్రాల పని నా చేతిలోంచి తీసేశారు. పంచర్లు, చైన్లు తుడవడం, అంతే. "కొన్నాళ్లు. జనం మర్చిపోయేదాకా" అన్నాడు అన్నయ్య. న్యాయమే.

పెద్దమేస్త్రి ఉంటే బాగుండేది. చక్రం వంకర తీయడం నాకు నేర్పింది ఆయనే. మొదటి రోజున కళ్లు మూసుకోమన్నాడు. చక్రం తిప్పి, "ఎక్కడ రాసుకుంటోందో చెవితో చెప్పు" అన్నాడు. స్పోకుని పావు తిప్పు బిగిస్తే చక్రం ఎటు జరుగుతుందో తెలియడానికి నాకు నెలా పదిరోజులు పట్టింది. తెలిసిన రోజున కొత్తగా ఇంకో చెయ్యి మొలిచినట్టు అనిపించింది. జనవరిలో మోకాళ్ల నొప్పులని మానేశాడు. ముప్ఫై ఏళ్లు కూర్చున్న పీట ఖాళీగా ఉంది. అన్నయ్య దాని మీద పాత టైర్లు పెట్టాడు.

మార్చి 15

పాలాయన సైకిలు తెచ్చాడు. బ్రేకు రబ్బర్లు అరిగాయి. నేను లేచేసరికి, "అన్నగారు వచ్చాక చూపిస్తాలే అమ్మా, తొందరేం లేదు" అన్నాడు. ఆయనకి తొందర లేని రోజు నేనెప్పుడూ చూడలేదు.

మార్చి 16

పంచరు వేసిన చక్రం నట్టు ఏడుసార్లు చూశాను. మనిషి వెళ్లిపోయాక రోడ్డు మీదికి పరుగెత్తి, ఆపి, ఎనిమిదోసారి చూశాను. ఆయన నవ్వాడు. మంచివాడు.

మార్చి 19

పంచర్లు.

మార్చి 20

పంచర్లు. వదిన ఇవాళ కూడా మాట్లాడలేదు.

మార్చి 24

నర్సుగారింటి నుంచి సైకిలు తెమ్మన్నాడు అన్నయ్య. ఊరికే బాగుచేసి ఇస్తామని రెండుసార్లు అడిగినా మాస్టారు "చూద్దాం" అన్నాడట. "నువ్వడిగితే ఇస్తారు. ఆవిడకి నువ్వంటే జాలి" అన్నాడు. రేపు వెళ్తాను.

మార్చి 25

ఇది నెమ్మదిగా రాయాలి.

మాస్టారు స్కూలుకి వెళ్లాడు. నర్సుగారు పైనుంచి తల ఊపి తీసుకెళ్లమంది. పట్టా లాగాను. ముందు చక్రం విడిగా గోడకి ఆనించి ఉంది. చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకి రెండు కాళ్లుంటాయి కదా, ఎడమ కాలు పైన, మెడ దగ్గర విరిగిపోయి ఉంది. ఆ ఊపుకి కుడి కాలు వంగి, ఇరుసు దగ్గర కొస చీలిపోయింది.

చక్రం ఊడితే ఫోర్కు విరుగుతుంది. అన్నయ్య అదే చెప్పాడు.

కానీ రెండు నట్లూ ఇరుసు మీదే ఉన్నాయి. రెండూ. విరిగిన కాలి ముక్క ఇంకా ఎడమ నట్టు కింద బిగిసే ఉంది. పానా వేసి చూశాను. కదల్లేదు. నా శక్తంతా పెట్టినా కదల్లేదు.

అప్పుడు వెలుతురులోకి లాక్కొచ్చి విరిగిన చోటు చూశాను. సగం చుట్టు తెల్లగా మెరుస్తోంది. మిగతా సగం తుప్పు. ఆ తుప్పు మీద తెల్లటి ముద్ద. గోరుతో గీకితే పెచ్చు ఊడొచ్చింది. లప్పం. తలుపుల పగుళ్లకి పెట్టే లప్పం. దాని మీద నీలం రంగు, దాని కింద ఫోర్కు పాత ఎర్ర రంగు.

ఆ పెచ్చు జేబులో వేసుకున్నాను. ఎందుకో తెలీదు.

నర్సుగారు పైన కటకటాల మీద తట్టి పిలిచింది. పలక ఊపుతోంది. "బరువా? సాయం పంపనా?"

వద్దని చెయ్యి ఊపాను.

అదే రోజు

సైకిలు తెచ్చి అన్నయ్యకి ఇచ్చాను. "మంచి పని చేశావు" అన్నాడు. గంటలో ఫోర్కు విప్పి, రంపంతో మూడు ముక్కలు కోసి, పాత ఇనుము గోతంలో వేశాడు. పాత ఇనుము మనిషి ప్రతి సోమవారం వస్తాడు. ఇవాళ మంగళవారమైనా అన్నయ్య కబురు చేస్తే వచ్చి పట్టుకుపోయాడు.

మార్చి 26

లప్పం ఎవరో పాత యజమాని పెట్టి ఉండొచ్చు. అన్నయ్య చూసుకోకుండా పైన రంగేసి ఉండొచ్చు. తొమ్మిది సైకిళ్లంటే మాటలా! ఎవరికైనా కన్ను తప్పుతుంది.

నట్లు బిగిసే ఉన్నాయి.

అయినా అన్నయ్య ఆ రోజు కంగారులో సరిగ్గా చూడలేదేమో.

నట్లు బిగిసే ఉన్నాయి.

మార్చి 27

పెద్దమేస్త్రి ఇంటికి వెళ్లాను. వసారాలో కూర్చుని మనవరాలి మూడు చక్రాల బండికి నూనె వేస్తున్నాడు. మోకాళ్లు ముడిచి గొంతుక్కూర్చుని! నొప్పుల మనిషి!

పెచ్చు అరచేతిలో పెట్టాను. ఆయన చూసి కళ్లు దించుకున్నాడు.

"ఆ తొమ్మిదింట్లో నాలుగైదు ఫోర్కులు పగిలినవే వచ్చాయమ్మా. కొత్తవి వెయ్యాలన్నాను. మొదట వేశాడు కూడా. తర్వాత లప్పం డబ్బా పట్టుకున్నాడు. ఇది మనుషులెక్కే వస్తువురా, తలుపు కాదు అన్నాను. వినలేదు. నా చేత్తో చేయనని లేచొచ్చేశాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"అన్నాచెల్లెళ్ల మధ్య నేనెందుకు నిప్పు పెట్టడమని..."

"ఆవిడ దవడ విరిగింది మేస్త్రీ. నేను విరగ్గొట్టాననుకుని మూడు వారాలు బతికాను."

ఆయన నూనె డబ్బా మూత పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు.

మార్చి 28

అడిగాను. భోజనాల వేళ, షట్టరు సగం దించి ఉంది, కొట్టులో మేమిద్దరమే.

"నట్లు రెండూ బిగిసే ఉన్నాయి అన్నయ్యా."

అబద్ధమాడతాడనుకున్నాను. ఆడితే నమ్ముదామనే ఉన్నాను, సిగ్గు విడిచి రాస్తున్నాను. ఆయన క్యారేజీ మూత తీసి, కలుపుకుంటూ, "ఊ" అన్నాడు.

"ఊ ఏంటి?"

"చూశావుగా. ఇంకేం చెప్పను?"

"నా మీద ఎందుకు పెట్టావు?"

"నీ మీద కాకపోతే ఎవరి మీద పెట్టను చిన్నీ? పరాయివాళ్ల మీద పెట్టగలనా?"

ఎంత మామూలుగా అన్నాడో! కూరలో ఉప్పు తక్కువైంది అన్నంత మామూలుగా.

"నా పేరు పోతే కొట్టు మూతపడుతుంది. నీ పేరుకేముంది, కొత్తది, పొరపాటు చేసింది, పాపం అంటారు. క్షమించారా లేదా? ఆవిడ పలక మీద రాసి మరీ ఇచ్చింది. ఎవరికి నష్టం?"

"నా చేతిని నేనే నమ్మలేకపోతున్నాను అన్నయ్యా. నట్టు ఏడుసార్లు చూసుకుంటున్నాను."

"అదీ మంచిదేగా. జాగ్రత్త వచ్చింది."

ఒక్కటే అడగాలనిపించింది. "నన్నే ఎందుకు పంపావు, ఆ సైకిలు తేవడానికి? నేను చూస్తానని తెలీదా?"

ముద్ద చేతిలోనే ఆగింది. నిజంగా ఆలోచించాడు. "చూసినా నామీద అనుమానం రాదనుకున్నాను" అన్నాడు.

దవడ విరిగింది నర్సుగారికి. నాకు విరిగినదానికి పేరు లేదు. నా అమాయకత్వాన్ని పానాలా వాడుకున్నాడు. ఎప్పుడూ అక్కడే వేలాడుతుంది, చెయ్యి చాస్తే అందుతుంది, అనుకుని.

మార్చి 29

ఏం రాయను?

మార్చి 30

బట్టలు సర్దుకుంటుంటే వదిన గుమ్మంలో నిలబడింది. "తెలుసు" అంది. నేనేం అడగకుండానే. "ఆ రోజు నీకు చెప్పకముందే నాకు ఫోను చేసి చెప్పారు. ఏం చెయ్యను? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది."

పాతిక రోజులుగా కోపమనుకున్నాను. సిగ్గు.

"ఎక్కడికెళ్తావు?" అంది.

"ఇస్త్రీ చేసే ఆవిడ ఇంటి వెనక గది ఖాళీగా ఉందట."

"పక్క దుప్పటి తీసుకెళ్లు. అక్కడ మంచం కూడా ఉండదు."

తీసుకున్నాను. దుప్పటి మీద పంతం ఎందుకు?

కొట్టులో అమ్మకాల పుస్తకంలోంచి మిగతా ఎనిమిది సైకిళ్లు కొన్నవాళ్ల చిరునామాలు రాసుకున్నాను. అన్నయ్య చూస్తూనే ఉన్నాడు. "ఏం చేస్తావు అవి?" అన్నాడు.

"వాళ్లు ఇంకా తొక్కుతున్నారు."

"చిన్నీ, నన్ను రోడ్డు మీద పెట్టకు. నిన్ను పెంచాను."

పెంచాడు. నిజం. స్కూలుకి సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాడు. పడతానని ఒక్కరోజూ భయపడలేదు. ఆ నిజం ఈ నిజాన్ని ఏమీ చేయలేకపోతోంది.

ఏప్రిల్ 1

మొదటి రెండు బాగానే ఉన్నాయి. మూడోది రొట్టెలు పంచే ఆయనది. ముందు కడ్డీ మీద కూతుర్ని ఎక్కించుకుని అప్పుడే స్కూలు నుంచి వస్తున్నాడు. నేను చెప్పింది విని నవ్వాడు. "రెండు నెలల నుంచి తొక్కుతున్నానమ్మా, ఉక్కులా ఉంది."

"పాపని దింపండి" అన్నాను. నా గొంతులో ఏముందో, దింపాడు.

మెడ దగ్గర గరుకు కాగితంతో రుద్దాను. నీలం పోయింది, తెల్లగా లప్పం వచ్చింది. ఆకురాయి మొనతో తవ్వాను. పొడి పొడిగా రాలింది. కింద పగులు, నా వేలెడంత పొడవు.

ఆయన ఆ పగులు మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత కూతురి తల మీద చెయ్యి పెట్టి అలాగే ఉంచుకున్నాడు. కాసేపటికి నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు. నిలబడి విన్నాను. అయిపోయాక, "ఈ ఫోర్కు పారెయ్యకండి, సాక్ష్యానికి కావాలి" అన్నాను.

ఏప్రిల్ 2

నర్సుగారికి చెప్పాను. దవడ తీగలు ఇంకా విప్పలేదు. పెచ్చు చూపించాను, రొట్టెలాయన సైకిలు గురించి చెప్పాను.

మాస్టారు అడిగాడు, "పట్టా తీసినప్పుడే చూశావుగా. అప్పుడే పైకొచ్చి ఎందుకు చెప్పలేదు? సైకిలు తీసుకెళ్లి ఆయన చేతిలోనే ఎందుకు పెట్టావు?"

లెక్కల మాస్టారు. తేడా వస్తే పట్టుకుంటాడు.

"నమ్మాలనుకున్నానండీ" అన్నాను. ఆ మూడు రోజులు నేనూ అన్నయ్య పక్షమే.

నర్సుగారు పలక తీసుకుంది. రాసింది, తుడిచింది, మళ్లీ రాసింది. "నిన్ను చూసి జాలిపడ్డాను. ఆ జాలి నాకు వెనక్కి ఇచ్చెయ్యి."

ఎలా ఇస్తారు? ఆవిడే పలక తుడిచి మళ్లీ రాసింది. "ఫిర్యాదు చేస్తాం. వచ్చి చెప్తావా?"

"చెప్తాను."

ఏప్రిల్ 4

ఇంకో లప్పం ఫోర్కు. కూరగాయలమ్మే ఆవిడది.

ఏప్రిల్ 10

అధికారులు ఇద్దరొచ్చారు. కొట్టులో లప్పం డబ్బా తీసుకున్నారు, పుస్తకం తీసుకున్నారు. నన్ను గంటన్నర అడిగారు. అన్నీ చెప్పాను. ఫోర్కు కోసేటప్పుడు చూస్తూ ఊరుకున్న సంగతి కూడా. షట్టరుకి కాగితం అంటించి సీలు వేశారు. కేసు నడుస్తుందట.

అన్నయ్య రోడ్డుకి అవతల నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. దగ్గరికొచ్చి, పక్కనున్న అధికారికి వినపడేలా, "ఏం అనకండి దాన్ని. చిన్నపిల్ల, ఎవరో ఎక్కించారు" అన్నాడు.

అప్పటికీ పెద్దమనసే! నా నిజాన్ని కూడా నాది కాదనేశాడు.

ఏప్రిల్ 13

పెద్దమేస్త్రి వసారాలో పని మొదలుపెట్టాను. ఆయన్ని క్షమించలేదు. ఆ మాట ఆయనకే చెప్పాను. "క్షమించకు. ముందు ఆ చక్రం చూడు" అన్నాడు. పానాలు ఆయనవి, పనులు నావి. మధ్యాహ్నాలు మాట్లాడుకోం.

పాలాయన వచ్చాడు. బ్రేకు రబ్బర్లు నా చేత వేయించుకున్నాడు. బాగున్నాయా అని తొక్కి చూశాడు, రెండు వీధులు. వెనక్కొచ్చి తల ఊపాడు.

ఏప్రిల్ 17

నట్టు మూడుసార్లే చూశాను.

వదిన ఫోను చేసింది. అన్నయ్య సరిగ్గా తినడం లేదట. "ఒకసారి వచ్చి వెళ్లరాదూ" అంది. పెట్టేశాక చాలాసేపు చెప్పుల దగ్గరే నిలబడ్డాను. వెళ్లలేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

ఎనిమిదింట్లో ఏడు చూడటం అయింది. మూడింటికి లప్పం. ఆఖరుది ఒక దర్జీది, రెండుసార్లు వెళ్తే ఇంట్లో లేడు. ఇవాళ దొరికాడు. అమ్మకాల పుస్తకంలో అందరికన్నా ముందున్న పేరు ఆయనదే.

మెడలో టేపు, చెవి మీద సుద్ద. మిషను మీంచి లేవకుండానే విన్నాడు.

"అంటే, మీ అన్న మీదే నువ్వు చెప్పుకొస్తున్నావు."

"అవునండీ."

"సొంత అన్నని బజారుకీడ్చినదానివి. నిన్ను ఎలా నమ్మమంటావు?"

"నమ్మొద్దు. రుద్ది చూపిస్తాను, మీరే చూడండి."

అది నచ్చినట్టుంది. లేచొచ్చి, కళ్లజోడు పెట్టుకుని, నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. గరుకు కాగితంతో మెడ దగ్గర రుద్దాను. నీలం పోయింది. లప్పం లేదు. ఎర్ర రంగు కూడా లేదు. నీలం కింద నేరుగా ఇనుము, తళతళమంటూ. కొత్త ఫోర్కు. చక్రం తిప్పి చూశాను. రెండు కాళ్ల మధ్య వెంట్రుకవాసి తేడా లేకుండా తిరిగింది. బేరింగు గోళీలకి గ్రీజు ఎంత కావాలో అంతే, ఒక్క చుక్క బయటికి కారలేదు. వెతికినా తప్పు దొరకని పని. ఎలా చెయ్యాలో తెలిసిన మనిషి, ఓపిగ్గా కూర్చుని చేసిన పని.

చక్రం ఆగేదాకా చూస్తూ ఉండిపోయాను.

"ఏమైంది? పాడైందా?" అన్నాడు దర్జీ.

"లేదండీ. చాలా బాగుంది. భయం లేకుండా తొక్కండి."

"మరి ఏడుస్తావేం? ఇంత బాగా ఎవరు చేశారు ఇది?"

"మా అన్నయ్య" అన్నాను.